రాత లేని గొలుసులు

1973లో ఆర్. డి. సైమన్ అనే శాస్త్రవేత్త నీలి ఆకుపచ్చ నాచు మీద ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించాడు. ఆ నాచు పేరు అనబీనా. పేరుకు నాచే అయినా అదీ ఒక బాక్టీరియానే. అది పెరుగుతున్న నీళ్లలో ఆయన క్లోరమ్‌ఫెనికాల్ కలిపాడు. ఈ మందు మనవాళ్లకు కొత్తదేమీ కాదు. ఒకప్పుడు టైఫాయిడ్ అనగానే డాక్టర్లు రాసింది దీన్నే. బాక్టీరియాలోని రైబోజోమ్‌ను పట్టుకుని దాని పని ఆపేయడం దీని గుణం. రైబోజోమ్ ఆగితే ప్రోటీన్ల తయారీ ఆగుతుంది, కణం ఎదుగుదలా ఆగుతుంది. కానీ అనబీనా కణాల్లో ఉండే సైనోఫైసిన్ రేణువులు మాత్రం తగ్గలేదు సరికదా, ఇంకా పోగుపడ్డాయి.

ఆ రేణువులు కూడా అమైనో ఆమ్లాల గొలుసులే. ప్రోటీన్లూ అమైనో ఆమ్లాల గొలుసులే. ప్రోటీన్లు తయారుచేసే యంత్రం పడకేసినా ఈ గొలుసు పెరిగిందంటే, దీన్ని చేసేది వేరే ఏదో ఉందన్నమాట. పైగా ప్రోటీన్ల పని ఆగిపోవడంతో వాడకం లేక మిగిలిన అమైనో ఆమ్లాలన్నీ దీని పాలయ్యాయి.

రైబోజోమ్ గడప తొక్కకుండా, ఎంజైమ్‌లే నేరుగా అమైనో ఆమ్లాలను కలిపి చేసే పొడవాటి గొలుసులు ప్రకృతిలో ముఖ్యంగా మూడున్నాయి. నాచులో దొరికే సైనోఫైసిన్ ఒకటి. జపాన్‌వాళ్లు తినే నాటో అనే సోయా వంటకానికి జిగురునిచ్చే పాలీగ్లుటామిక్ ఆమ్లం రెండోది. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా చేసే పాలీలైసిన్ మూడోది. వీటిలో వాడే అమైనో ఆమ్లాలన్నీ మన ప్రోటీన్లలో రోజూ ఉండేవే. తేడా ముఖ్యంగా వాటిని ఎక్కడ కలిపారన్న దాంట్లో ఉంది. కలిపే చోటు మారితే అదే సరుకు ఒకచోట నిల్వ ధాన్యమవుతుంది, ఒకచోట కవచమవుతుంది, ఇంకోచోట ఆయుధమవుతుంది.

నేత వేరు, పేనడం వేరు

జాకార్డు మగ్గం మీద చీర నేయాలంటే చిల్లుల అట్టలు కావాలి. ఏ పోగు ఎప్పుడు లేవాలో ఆ అట్టలు చెబుతాయి. తాడు పేనేవాడికి అట్టలతో పని లేదు. నార అందినంతసేపూ పేనుతూ పోతాడు. రైబోజోమ్‌ది మొదటి పద్ధతి. జన్యువు నుంచి నకలు తీసిన ఆర్ఎన్ఏలో ఏ అమైనో ఆమ్లం తరవాత ఏది రావాలో రాసి ఉంటుంది. ఇరవై రకాల్లోంచి ఆ రాత ప్రకారం ఒక్కొక్కటే వచ్చి చేరుతుంది. మనం చెప్పుకుంటున్న ఎంజైమ్‌లది రెండో పద్ధతి. వాటికి రాత లేదు. గ్లుటామిక్ ఆమ్లం పక్కన గ్లుటామిక్ ఆమ్లం, దాని పక్కన మళ్లీ అదే.

అందుకే యంత్రం కూడా చిన్నది. బాక్టీరియా రైబోజోమ్‌లో యాభైకి పైగా ప్రోటీన్లు, మూడు ఆర్ఎన్ఏ ముక్కలు ఉంటాయి. మొత్తం బరువు సుమారు 25 లక్షల డాల్టన్లు. పాలీలైసిన్‌ను చేసే ఎంజైమ్ ఒకే ఒక్క ప్రోటీన్. దాని బరువు సుమారు 1.3 లక్షల డాల్టన్లు.

ఇక అతుకు సంగతి. ప్రతి అమైనో ఆమ్లానికీ ఒకే కార్బన్ పరమాణువు మీద ఒక అమైనో సమూహం, ఒక కార్బాక్సిల్ సమూహం ఉంటాయి. ప్రోటీన్‌లో ఒకదాని కార్బాక్సిల్ తరవాతిదాని అమైనోతో కలుస్తుంది. కొన్ని అమైనో ఆమ్లాలకు పక్క కొమ్మ మీద అలాంటి సమూహం ఇంకొకటి అదనంగా ఉంటుంది. గ్లుటామిక్, ఆస్పార్టిక్ ఆమ్లాలకు అదనపు కార్బాక్సిల్, లైసిన్‌కు అదనపు అమైనో. రైబోజోమ్ ఆ పక్క కొమ్మల్ని అతుకులకు వాడదు. మనం చెప్పుకునే ఎంజైమ్‌లు వాడతాయి.

ఆ చిన్న మార్పు ఫలితం పెద్దది. పెప్సిన్, ట్రిప్సిన్ వంటి జీర్ణరసాలూ, బాక్టీరియా విడుదల చేసే ప్రోటీన్ విచ్ఛేదకాలూ మామూలు అతుకుల్ని గుర్తుపట్టి తెంచడానికి అలవాటుపడ్డవి. పక్క కొమ్మ మీద వేసిన అతుకు వాటికి అందదు. ఎవరుపడితే వాళ్లు తినేయలేని సరుకును తయారుచేసుకోవాలంటే సూక్ష్మజీవికి ఇంతకంటే చౌకైన ఉపాయం లేదు.

అతుకు వెల

నీళ్లలో రెండు అమైనో ఆమ్లాల్ని పక్కపక్కన పడేస్తే వాటంతటవి కలవవు. కలవాలంటే ముందు కార్బాక్సిల్‌ను రెచ్చగొట్టాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తి ఏటీపీ అనే అణువు ఇస్తుంది. కండరాల్లో ఈ ఏటీపీ ఉందని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. ఈ అధ్యాయంలో సుబ్బారావు మళ్లీ వస్తాడు.

ఏటీపీని ఖర్చుపెట్టే తీరులు రెండు. నాచులోనూ, నాటో బాక్టీరియాలోనూ ఎంజైమ్ ఏటీపీ చివర ఉన్న ఫాస్ఫేట్‌ను తీసి కార్బాక్సిల్ మీద పెడుతుంది. ఆ ఫాస్ఫేట్ నిలకడగా ఉండలేదు. పక్కకు అమైనో సమూహం రాగానే చోటిచ్చి తప్పుకుంటుంది, అక్కడ అతుకు పడుతుంది. స్ట్రెప్టోమైసిస్‌ది రెండో తీరు. అది ఏటీపీలో రెండు ఫాస్ఫేట్లను విడగొట్టి మిగతా ముక్కనంతా లైసిన్‌కు తగిలిస్తుంది. తరవాత ఆ లైసిన్‌ను తన ఒంటి మీదున్న గంధకం కొక్కేనికి మార్చుకుని, అక్కణ్నుంచి గొలుసుకు చేరుస్తుంది. పెన్సిలిన్‌కు మూలమైన మూడు అమైనో ఆమ్లాల ముక్కను బూజు తయారుచేసేది కూడా ఈ రెండో తీరులోనే.

రైబోజోమ్ ఒక్కో అతుకుకు సుమారు నాలుగు ఏటీపీలంత శక్తి ఖర్చుచేస్తుంది. రాతను తప్పులేకుండా చదివినందుకు చెల్లించే వెల అది. చదివే పని లేని ఎంజైమ్‌కు ఒకటి, మహా అయితే రెండు చాలు.

నాచు దాచుకున్న నత్రజని

సైనోఫైసిన్‌ను మొదట చూసింది ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు ఆంటోనీనో బోర్జీ, 1887లో. మామూలు సూక్ష్మదర్శినిలోనే నాచు కణాల్లో మెరిసే రేణువులు కనబడ్డాయి. అవి దేనితో చేసినవో తేలడానికి ఇంచుమించు తొంభై ఏళ్లు పట్టింది. ఆస్పార్టిక్ ఆమ్లాలు వరసగా కలిసి వెన్నుగా ఏర్పడతాయి. ప్రతి ఆస్పార్టిక్ ఆమ్లం పక్క కొమ్మకూ ఒక ఆర్జినిన్ వేలాడుతుంది.

ఆర్జినిన్‌లో నాలుగు నత్రజని పరమాణువులున్నాయి. అందుకే సైనోఫైసిన్ బరువులో దాదాపు నాలుగో వంతు నత్రజనే. మామూలు ప్రోటీన్‌లో ఇది 16 శాతం, రైతు చల్లే యూరియాలో 46 శాతం. యూరియా నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది, సైనోఫైసిన్ కరగదు. ఆమ్లం కలిపితే తప్ప రేణువుగానే ఉంటుంది. కణంలో ఎంత పోగుచేసుకున్నా లోపలి ద్రవం చిక్కబడదు, బయటి నీరు లోపలికి తోసుకురాదు. నత్రజని దొరికినప్పుడు దాచి, లేనప్పుడు తీసుకోవడానికి ఇంతకంటే మంచి గాదె ఉండదు.

ఈ గాదె మన వరిపొలాల్లోనూ ఉంది. నీరు నిలిచిన మళ్లలో నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేరుస్తోందని 1939లో పి. కె. దే మన దేశపు వరిపొలాల మట్టి మీద పరిశోధించి చూపించాడు. మన రైతులు మడిలో పెంచే అజొల్లా ఆకుల లోపల కాపురముండేది కూడా అనబీనా తరహా నాచే. దీని కణాలు పూసల్లా బారుగా ఉంటాయి. ఆ బారులో అక్కడక్కడ ఒక కణం గోడలు మందంగా చేసుకుని, ఆక్సిజన్‌ను దూరంగా ఉంచి, నత్రజనిని పట్టే పనిలో ఉంటుంది. సూక్ష్మదర్శినిలో ఆ కణం పక్క కణంతో కలిసే ఇరుకు చోట ఒక మెరిసే బిరడా కనబడుతుంది. అది సైనోఫైసినే. పట్టిన నత్రజని ఇరుగుపొరుగు కణాలకు వెళ్లే దారిలో ఉన్న నిల్వ అది.

దీన్ని చేసే ఎంజైమ్ రూపం 2021లో బయటపడింది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ ష్మీంగ్ బృందం దాని పరమాణువుల అమరికను చిత్రించింది. ఒకే ప్రోటీన్‌లో మూడు భాగాలున్నాయి. ఒకటి వెన్ను చివర ఆస్పార్టిక్ ఆమ్లాన్ని చేరుస్తుంది. రెండోది దాని పక్కకు ఆర్జినిన్‌ను తగిలిస్తుంది. మూడోది గొలుసు జారిపోకుండా పట్టుకుంటుంది. గొలుసు చివర ఈ పని చోటు నుంచి ఆ పని చోటుకూ, మళ్లీ వెనక్కూ తిరుగుతూ ఉంటుంది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఈ ఎంజైమ్‌కు పెంచడం వచ్చుగాని మొదలుపెట్టడం బాగా రాదు. చిన్న ముక్క ఏదైనా చేతికిస్తేనే పని సాగుతుంది. కానీ కొన్ని బాక్టీరియాల ఎంజైమ్‌లు ముక్క ఇవ్వకపోయినా పనిచేస్తున్నాయి. కారణం 2022లో తేలింది. గొలుసును పట్టుకునే మూడో భాగంలోనే తెంచే చోటు ఒకటి దాగి ఉంది. ఎలాగో తయారైన ఒక పొడవాటి గొలుసును అది ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలే కొత్త గొలుసులకు మొదళ్లవుతాయి.

తినే జిగురు, చంపే తొడుగు

నాటోను పుల్లలతో కలియబెట్టి పైకెత్తితే సోయా గింజల వెంట సన్నటి తీగలు బారెడు సాగుతాయి. సిక్కింలో చేసే కినెమాలోనూ ఈ తీగలు కనబడతాయి. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా ఉడికిన గింజల మీద పెరుగుతూ బయటికి వదిలే పాలీగ్లుటామిక్ ఆమ్లమే ఆ జిగురులో ప్రధానం. దానితోపాటు లెవాన్ అనే చక్కెర గొలుసు కొంత ఉంటుంది. ఈ గొలుసుల బరువు పది లక్షల డాల్టన్లు దాటిపోగలదు. అంటే ఒక్క గొలుసులో ఏడు వేలకు పైగా గ్లుటామిక్ ఆమ్లాలు. వాటిని కలిపేది పక్క కొమ్మ మీది కార్బాక్సిల్. రసాయనశాస్త్రంలో ఆ చోటును గామా అంటారు.

ఈ గొలుసు మొదట బయటపడింది మాత్రం వంటింట్లో కాదు. 1937లో హంగరీలోని సెగెడ్‌లో ఇవానోవిచ్, బ్రుక్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆంత్రాక్స్ బాక్టీరియా తొడుగును విశ్లేషించారు. మన పల్లెల్లో దొమ్మ అని పిలిచే పశువుల రోగానికి కారణం ఈ బాక్టీరియానే. అప్పటికి తెలిసిన బాక్టీరియా తొడుగులు చాలామటుకు చక్కెర గొలుసులు. ఇది మాత్రం గ్లుటామిక్ ఆమ్లపు గొలుసు. అందులోనూ ఎల్ రూపం కాదు, దానికి అద్దంలో ప్రతిబింబం వంటి డి రూపం. ప్రోటీన్లలో ఉండేది ఎల్ రూపమే.

వింత గామా అతుకు, వింత డి రూపం కలిసి ఈ తొడుగును దాదాపు అజేయం చేశాయి. ప్రోటీన్లను తెంచే ఎంజైమ్‌లకు ఇది చిక్కదు. మన రోగనిరోధక వ్యవస్థ దీన్ని శత్రువుగా పసిగట్టడం కష్టం. పైగా గొలుసంతా రుణావేశం నిండి ఉండటంతో, బాక్టీరియాను మింగడానికి వచ్చిన తెల్లకణాలకు పట్టు దొరకదు. బాక్టీరియా కూడా దీన్ని ఎల్లవేళలా తొడుక్కోదు. ఒంట్లోని వేడి, రక్తంలోని బైకార్బనేట్ తగిలాకే తయారుచేస్తుంది.

తొడుగు చేసే జన్యువులు ప్రధాన డీఎన్ఏలో ఉండవు. ప్లాస్మిడ్ అనే చిన్న ఉంగరంలో ఉంటాయి. 1930లలో దక్షిణాఫ్రికాలోని ఆండర్‌స్టెపూర్ట్‌లో మాక్స్ స్టెర్న్ తొడుగు లేని ఆంత్రాక్స్ రకాన్ని వేరుచేశాడు. అది ఆ ఉంగరాన్ని పోగొట్టుకున్న రకం అని తరవాత ఎప్పటికో తెలిసింది. తొడుగు లేదు గనక రోగం తేదు, విషం కొద్దిగా చేస్తుంది గనక పశువుకు రక్షణ నేర్పుతుంది. ఇప్పటికీ మన పశువైద్యులు గొర్రెలకూ పశువులకూ దొమ్మ రాకుండా వేసే టీకా ఆ స్టెర్న్ రకానిదే. విశాఖ మన్యంలో చచ్చిన పశువును కోసినవాళ్ల చేతుల మీద నల్లటి పుండ్లు లేచాయన్న వార్త వచ్చినప్పుడల్లా, ఆ మందలకు ఈ టీకా అందిందా అన్నదే మొదట అడగాల్సిన ప్రశ్న.

నాటో గింజ మీదున్నదీ, ఆంత్రాక్స్ ఒంటి మీదున్నదీ ఇంచుమించు ఒకే ఎంజైమ్ ముఠా చేసిన సరుకే. నాటోలో బాక్టీరియా దాన్ని బయటికి వదిలేస్తుంది, డి, ఎల్ రెండు రూపాలూ కలగలిసి ఉంటాయి. ఆంత్రాక్స్‌లో క్యాప్-డి అనే అదనపు ఎంజైమ్ ఒకటి ఉంది. అది గొలుసును తెంచి, తెగిన చివరను కణం గోడకు అంటుకడుతుంది. గోడకు అంటుకుంటే తొడుగు, అంటుకోకపోతే జిగురు.

అన్నం పాడవకుండా

క్యోటో విశ్వవిద్యాలయంలో షోజి షిమా, హెయీచి సకాయ్ మట్టిలోని సూక్ష్మజీవులు చేసే క్షారగుణమున్న పదార్థాల కోసం వెతుకుతున్నారు. మొక్కల్లోని ఆల్కలాయిడ్లను పట్టడానికి వాడే డ్రాగెన్‌డార్ఫ్ ద్రావకంతో రంగు తేలే పదార్థాలు వాళ్లకు కావాలి. స్ట్రెప్టోమైసిస్ ఆల్బులస్ అనే బాక్టీరియా పెరిగిన ద్రవంలో అలాంటిది ఒకటి దొరికింది. అది ఆల్కలాయిడ్ కాదు, 25 నుంచి 35 లైసిన్‌లు కలిసిన గొలుసని 1977లో ప్రకటించారు. అతుకు పక్క కొమ్మ చివరి అమైనో దగ్గర పడింది. ఆ చోటు పేరు ఎప్సిలాన్.

గ్లుటామిక్ గొలుసుది రుణావేశమైతే దీనిది ధనావేశం. బాక్టీరియా పైపొరలకు రుణావేశం ఉంటుంది గనక ఇది వాటికి అతుక్కుని పొరను చెదరగొడుతుంది. జపాన్‌లో చిస్సో కంపెనీ దీన్ని ఆహారం నిల్వ ఉంచే పదార్థంగా తయారుచేసింది. మినమాటా తీరంలో సముద్రంలోకి పాదరసం వదిలి వేలమందిని వికలాంగుల్ని చేసిన చిస్సో ఇదే. ఉడికించిన అన్నంలో, సుషీ అన్నంలో కిలోకు 50 మిల్లీగ్రాముల వరకు వాడటానికి అమెరికా ఆహార ఔషధ సంస్థ 2004లో అభ్యంతరం లేదంది. అన్నమే ఎందుకంటే, బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు బియ్యంతోపాటు వచ్చి, అన్నం ఉడికినా చావకుండా బతుకుతాయి. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషం చేస్తాయి.

ఈ గొలుసును చేసే ఎంజైమ్ దొరకడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. 2008లో జపాన్‌లోని ఫుకుయిలో యోషిమిత్సు హమానో బృందం దాన్ని పట్టుకుంది. అది కణం పొరలో ఆరు చోట్ల దిగి కూర్చుంటుంది. గొలుసును పొడిగించే భాగాలు మూడు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. గొలుసు ఎంత పొడవుండాలో నిర్ణయించేది కూడా ఆ ఎంజైమే. 25 నుంచి 35 అన్న కొలత ఎక్కడా రాసి లేదు, ఎంజైమ్ ఆకారంలోనే ఉంది.

తయారీదారులకు అంతకంటే ముందే ఇంకో మర్మం అర్థమైంది. బాక్టీరియాను పీహెచ్ 5కు పైన పెంచి, తరవాత 4 దగ్గరికి దించి అక్కడ నిలబెడితే దిగుబడి బాగా పెరుగుతుంది. 2001లో ఒక బృందం ఈ పద్ధతిలో లీటరుకు 48 గ్రాముల దాకా తీసింది. పులుపెక్కినప్పుడు కణంలో ఏటీపీ నిండుగా ఉంటుంది, ఎంజైమ్‌కు కావాల్సింది అదే. పులుపు తగ్గితే, అదే బాక్టీరియా తాను చేసిన గొలుసును తానే తెంచుకుంటుంది.

ఒకే వంశం

నాచులో ఆర్జినిన్‌ను తగిలించే భాగాన్నీ, నాటో, ఆంత్రాక్స్ బాక్టీరియాల్లో గ్లుటామిక్ గొలుసును పెంచే ఎంజైమ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే వంశానివని తెలుస్తుంది. ఆ వంశానికి మర్ లైగేజ్‌లని పేరు. వీటి అసలు వృత్తి బాక్టీరియా గోడ కట్టడం. గోడకు కావాల్సిన చిన్న అమైనో ఆమ్లాల ముక్కను నలుగురు అన్నదమ్ముల్లాంటి నాలుగు ఎంజైమ్‌లు వరసగా చేస్తాయి. ఆ ముక్కలో రెండోది డి రూపపు గ్లుటామిక్ ఆమ్లం. దాని తరవాతిది అతుక్కునేది గామా కార్బాక్సిల్ దగ్గరే. ఆంత్రాక్స్ తొడుగులో మనం వింత అనుకున్న రెండూ బాక్టీరియా గోడలో అంతకుముందే ఉన్నాయి. పాత వృత్తిలోని ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడమే కొత్త విద్య అయింది.

సుబ్బారావు మళ్లీ వచ్చేది ఇక్కడే. 1940లలో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో ఆయన సారథ్యంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఆ బృందానికి కాలేయం నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్లంలో ఒకే గ్లుటామిక్ ఆమ్లం ఉంది. బాక్టీరియాను పులియబెట్టి తీసినదాంట్లో మూడున్నాయి. మూడూ గామా అతుకులతో కలిసి తోకలా ఉన్నాయి. ఈ మూడింటి రూపాన్ని టెరోప్టెరిన్ అన్న పేరుతో కాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. 1947లో బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ కూడా దాన్ని తీసుకున్నాడు. ఆ తోకను కట్టే ఎంజైమ్ కూడా మర్ లైగేజ్‌ల చుట్టమే. బాక్టీరియాలోనే కాదు, మన కణాల్లోనూ ఉంది. తోక పొడుగైతే ఫోలిక్ ఆమ్లం కణం దాటి బయటికి పోలేదు. లెడర్లీలోనే పుట్టిన మెథోట్రెక్సేట్‌కూ మన కణాలు ఇలాగే తోక కడతాయి. కీళ్లవాతానికి ఆ మాత్ర వారానికి ఒక్కసారి వేసుకున్నా పనిచేయడానికి అదొక కారణం.

తెంచేవారెవరు?

ఈ గొలుసుల మీద ఇప్పుడు పరిశ్రమల చూపు పడింది. పాలీగ్లుటామిక్ ఆమ్లం మురికినీటిలోని మలినాలను ముద్దగట్టిస్తుంది, చర్మానికి తేమనిస్తుంది, అడ్డదిడ్డంగా కలిపి జెల్ చేస్తే తన బరువుకు ఎన్నోరెట్లు నీరు పీలుస్తుంది. పిల్లల డైపర్లలో వాడే, మట్టిలో కలవని పెట్రోలియం పదార్థానికి బదులుగా ఇది పనికిరావచ్చు. ముడిసరుకుకు కొదవ లేదు. గ్లుటామిక్ ఆమ్లం, లైసిన్ రెండూ బాక్టీరియాతోనే లక్షల టన్నుల్లో తయారవుతున్నాయి. అడ్డమల్లా గొలుసు గుణమే. అది తయారయ్యేకొద్దీ తొట్టిలో ద్రవం చిక్కబడుతుంది. కలపడం, గాలి అందించడం కష్టమై ఖర్చు పెరుగుతుంది.

అంతకంటే లోతైన సంగతి ఒకటుంది. ఈ గొలుసుల్ని చేసే ప్రతి జీవీ తెంచే సాధనాన్ని కూడా దగ్గర ఉంచుకుంది. నాచుకు సైనోఫైసినేజ్ ఉంది. బాసిల్లస్ సబ్టిలిస్ ఆకలేసినప్పుడు తన జిగురును తానే కోసి తింటుంది. ఆంత్రాక్స్ తొడుగును గోడకు అంటించే క్యాప్-డి కూడా తెంచే ఎంజైమే. విడిగా తయారుచేసిన ఆ క్యాప్-డిని రోగమొచ్చిన ఎలుకలకు ఇచ్చి, తొడుగు ఊడగొట్టి వాటిని కాపాడవచ్చని అమెరికా సైనిక పరిశోధకులు చూపించారు. శత్రువు ఆయుధం శత్రువు మీదికే తిరిగింది.

గడిచిన వందేళ్లలో మనిషి చేసిన ప్లాస్టిక్ గొలుసులు గట్టివి, చౌకవి. వాటిని తెంచేదేమిటన్నది మాత్రం తయారీకి ముందు పెద్దగా ఎవరూ అడగలేదు. సూక్ష్మజీవుల ఎంజైమ్‌లతో కొత్త గొలుసులు చేయబోయేవాళ్లకు ఆ సాకు లేదు. ఏ చోట అతికించాలి, ఎంత పొడవు పెంచాలి అన్నవాటితోపాటు, ఏ ఎంజైమ్‌కు ఇది లొంగాలి అన్నది కూడా తయారీ మొదలుపెట్టే రోజే తేల్చుకోవచ్చు.